గండుచీమ పురుడు

ఈ ఏడు తొలకరి మా బాల్కనీలోకి ఒక గండుచీమను విసిరేసి పోయింది. సాయంత్రం వాన అప్పుడే వెలిసింది. ట్యూబులైటు చుట్టూ ఉసిళ్లు మూగాయి. వాటిలోంచి ఒకటి దారి తప్పి, సగం తాగి మరిచిపోయిన నా చాయ్ గ్లాసులో పడింది. మా ఆయన చూసి, "ఉసిలి పడ్డట్టున్నది, పారబొయ్యి" అన్నాడు. ఉసిలికి నడుముండదు. దీనికి సన్నటి నడుమూ, వెనక గోధుమగింజంత పొట్టా ఉన్నాయి. చెంచాతో పైకి తీసి, గుడ్డమీద ఆరబెట్టి, కడిగి బోర్లించిన పచ్చడి సీసాలోకి దింపాను. "ఇది రాణి" అన్నాను. పెళ్లయి ఇన్నేండ్లయినా పెండ్లాం గురించి తెలుసుకోవలసింది ఇంకా మిగిలే ఉందని ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. సీసాను, నన్నూ మార్చి మార్చి చూసి లోపలికి పోయాడు. ఆయనకు చెప్పాలంటే దేవరకొండ నుంచి మొదలుపెట్టాలి. అంత ఓపిక ఆయనకు లేదు గనుక మీకు చెబుతున్నాను.

మా చిన్నాయిన, అంటే బాపు తమ్ముడు, దేవరకొండ బస్టాండు వెనక గడియారాలు బాగుచేసేవాడు. దుకాణం రెండు తలుపులంత వెడల్పు. దాని యజమాని, చిన్నాయినకు పని నేర్పినాయన, ఊరందరికీ ఉస్తాద్. తెల్ల గడ్డం, మెల్లని మాట. ఆయన బాగుచేసిన గడియారం ఎన్ని నిమిషాలు వెనక నడిచినా, తప్పు సూర్యుడిదే అనేంత నమ్మకం ఊరికి. పొద్దంతా కంటికి భూతద్దం బిగించుకొని చేతిగడియారాల పొట్టల్లోకి చూసే చిన్నాయిన, ఇంటికొచ్చాక అదే భూతద్దంతో చీమలను చూసేవాడు. ఆయనకు అది సెలవు కింద లెక్క. ఆయన ఈడు వాళ్లు పావురాలను పెంచుకున్నారు, ఇద్దరు ముగ్గురు మీసాలు పెంచుకున్నారు. ఈయన చీమలను పెంచాడు. "అరవయి, కరెంటు దాగయి, ఎవడన్న ఎత్తుకపోతడన్న ఫికర్ లేదు" అనేవాడు.

అందరిళ్లలోలాగే మా ఇంట్లోనూ పాలూ పెరుగూ పెట్టే జాలీ బీరువా కాళ్లు నీళ్ల గిన్నెల్లో ఉండేవి, చీమలు ఎక్కకుండా. పక్క అర్రలో ఇంకో బల్ల కాళ్లు కూడా నాలుగు రాతిగిన్నెల్లో ఉండేవి, చీమలు దిగకుండా. మండుటెండల్లో బోరింగు దగ్గర బిందెల వరుసలో నిలబడే ఊరు మాది. ఆ గిన్నెల్లో నీళ్లు నింపేటప్పుడల్లా బాపు, "మనకు తాగనీకె లేవు, ఈని చీమలకు సముద్రం గావాలె" అని గొణిగేవాడు. గొణుగుతూనే నింపేవాడు. సీసాల అంచులకు ఆముదం పూస్తే చీమ కాలు జారుతుందని చిన్నాయిన కనిపెట్టాక మా అవ్వ, అంటే నాయనమ్మ, తలకు ఆముదం కరువైంది. చుట్టూ ఆముదం పండే దేశంలో ఉండి ఆముదానికి వెతుక్కున్న కుటుంబం మాది ఒక్కటే అయ్యుంటుంది.

ఆ అర్రలో నాలుగు రాజ్యాలు. రెండు ఫొటో అద్దాల మధ్య మట్టి నింపి గింజలు దాచే చీమలను పెట్టాడు. అవి సజ్జగింజలు మోసుకుపోయి లోపలి అరల్లో పేర్చుకునేవి, ముక్కినవాటిని బయటికి తెచ్చి ఆరబోసేవి. అవ్వకు వాటిమీద గౌరవం. "ఆటికున్న బుద్ధి నీకున్నదా" అని మా ఇంట్లో ఎవరినైనా తిట్టేది. ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలను మామిడికొమ్మతో సహా తెచ్చి బకెట్లో నిలబెట్టాడు. అవి పదిహేను రోజులుండి, కొమ్మ ఎండగానే బాపు చొక్కా ఆరేసిన తాడుమీదుగా వెళ్లిపోయాయి. వెళ్తూ వెళ్తూ చొక్కా తొడుక్కుంటున్న బాపుకు వీడ్కోలు చెప్పాయి. చలిచీమలను ఆయన పెంచలేదు. అవి గోడలో ముందునుంచే ఉన్నాయి, అవే మమ్మల్ని పెంచుతున్నాయని నా అనుమానం. నాలుగోది ఒక కందిలి చిమ్నీ. గండుచీమల కోసం ఆముదం పూసి, దూది పెట్టి, సిద్ధంగా ఉంచిన ఖాళీ చిమ్నీ. చిన్నాయిన ప్రాణమంతా ఆ ఖాళీలో ఉండేది.

గండుచీమలను పట్టి తేవచ్చు, కానీ రాణి లేకపోతే అవి కొన్ని నెలల్లో ఒక్కొక్కటే రాలిపోతాయి. రాణి పుట్టలోంచి బయటికి వచ్చేది ఏడాదికి ఒక్కసారి, మొదటి గట్టి వాన పడ్డ సాయంత్రం. గాలిలోనే పెళ్లి చేసుకొని, దిగి, రెక్కలు రాల్చుకొని, ఒంటరిగా ఒక బొరియలో దూరుతుంది. ఆ సాయంత్రం తప్పితే మళ్లీ ఏడాది. మా దిక్కు వానలను బట్టి ఒక్కోసారి రెండేండ్లు. చిన్నాయిన వరుసగా రెండేండ్లు రాణిని పట్టాడు. దవాఖాన నుంచి తెచ్చిన గాజునాళికలో అడుగున నీళ్లు, దానిమీద దూది బిరడా, నడుమ రాణి, పైన ఇంకో దూది, చుట్టూ ఎర్రకాగితం. రెండేండ్లూ పది పన్నెండు రోజుల్లో లోపల బూజు పట్టి రాణి చచ్చిపోయింది. రెండోది చచ్చేనాటికి నేను ఇంటర్ బైపీసీలో చేరాను గనుక ఇంట్లో ఏ జీవి చచ్చినా అందరూ నా వంకే చూసేవాళ్లు. మా పుస్తకంలో చీమ గురించి అరపేజీ ఉంది, అందులో సగం బొమ్మ.

మూడో ఏడు బాపు తీర్పు చెప్పాడు. "ఆడివిల్ల సందుగ మీద రాసుకుంట నడుము వంచుకుంటాంది. ఈసారి గూడ నీ రాణి సచ్చిందనుకో, బల్ల దానికిస్త. నీ సీసాలు పెంటకుప్పల ఏస్త." నిజం చెప్పాలంటే నాకు ఆ బల్ల కావాలి. ఇనుప సందుగ మీద కప్ప గుండె బొమ్మ వేస్తే అది కప్పకే అవమానంగా ఉండేది.

ఆ ఏడు వాన ఆలస్యమైనా ఒక్కసారే కసిదీరా కొట్టింది. చిన్నాయిన తడుస్తూ దుకాణం నుంచి పరిగెత్తి వచ్చాడు, అగ్గిపెట్టెలో రాణి ఉంది. నాళికలోకి దించాడు. తెల్లారేసరికి రెక్కలు రాలి అడుగున పడి ఉన్నాయి, గాజు రేకుల్లాగా. ఐదో రోజున చిన్నాయిన ఎర్రకాగితం ఎత్తి చూసి అందరినీ కేకేశాడు. రాణి పక్కన బెల్లం రంగులో ఒక నలుసు. ఎవరో దూది తీసి లోపల వేశారు.

ఆ రోజు ఆదివారం, ఉస్తాద్ చాయ్‌కి వచ్చి ఉన్నాడు. బాపు నా దిక్కు తిరిగాడు. "బల్ల మీద కన్ను ఎవలకున్నది? దీనికే."

"బల్ల కోసం సంపేదాన్నయితె నాళిక తలకిందులు జేద్దు గద బాపు. బెల్లం బెట్టి మర్యాద జేస్తనా" అన్నాను.

చిన్నాయిన నన్ను తిట్టలేదు, అదే ఇబ్బంది. "నువ్వయితె చెప్పు బిడ్డా, ఏమనను" అన్నాడు. నా జోకులకు ఎవరూ నవ్వని రోజులు చాలానే ఉన్నాయి. నమ్మని రోజు మాత్రం అదొక్కటే.

ఉస్తాద్ చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. జేబులోంచి చిమటా, గడియారాల సన్నటి పట్టుకారు, తీసి, రాణికి తగలకుండా ఆ నలుసును బయటికి లాగి, భూతద్దం కింద అటూ ఇటూ తిప్పాడు. "సజ్జపిండి. బెల్లం. ఇలాచి గూడ ఉన్నది" అని అవ్వ వైపు చూశాడు. "అమ్మా, మలీద ఎప్పుడు జేసిండ్రు? మా ఇంటికి పంపలేదు గద."

సజ్జరొట్టె, బెల్లం నలిపి ముద్దచేసే మలీద మా ఇంట్లో అవ్వ తప్ప ఎవరూ చేయరు. అవ్వ చాయ్‌లో చక్కెర కలుపుతూనే ఉంది. "నేనే పెట్టిన. ఏమాయె ఇప్పుడు? రెక్కలు రాల్చుకొని, కడుపుతోని, ఒక్కతే చీకట్ల కూసున్నది. ఇన్ని నీళ్లు బోసి దూదివెట్టి పోతిరి మీ మొగోళ్లు. పోయినేడు పెట్టిన, ముందటేడు గూడ పెట్టిన. చీమకు ఇంత తీపి పెడితె పాపమా?"

రెండేండ్ల హత్య కేసు అర నిమిషంలో తేలిపోయింది. హంతకురాలు అందరికీ చాయ్ అందించింది.

చిన్నాయిన మెల్లగా చెప్పాడు. "ఆమె ఇప్పుడు ఏం తినదే అమ్మా. రెక్కల కింది కండ ఉంటది సూడు, ఎగిరేతందుకు పెంచుకున్నది, అది ఇగ అక్కరలేదు. అదే కరిగించి పిల్లలకు పెడ్తది. మనం ఏం పెట్టినా బూజువట్టి సస్తది."

అవ్వ నమ్మలేదు. ఉస్తాద్ తన భూతద్దాన్ని ఆమె కంటికి పట్టుకొని, నాళికను వెలుతురుకు తిప్పాడు. రాణి దవడల మధ్య చిన్న గుడ్ల ముద్ద. గసగసాల కన్నా కాస్త పెద్దవి. రాణి వాటిని దించదు, ఒక్కొక్కదాన్నీ నాకుతూ ఉంటుంది. అవ్వ చాలాసేపు చూసింది. తర్వాత భూతద్దాన్ని కొంగుతో తుడిచి ఉస్తాద్‌కు ఇచ్చింది. "బాలెంత అని ముందుగాల్నే చెప్పొద్దార. రెండేండ్ల సంది చీమ, చీమ అంటివి" అంది చిన్నాయినతో.

ఆ తర్వాత రాణి చిన్నాయినది కాదు. నాళికను శుభ్రంగా మార్చేదాకా ఆయన పని. అది అయ్యాక అవ్వ పురుడు మొదలుపెట్టింది. అర్ర కిటికీకి గోనెసంచి కట్టింది. తలుపుమీద వేపరెమ్మ గుచ్చింది. బాలెంత దిండు కింద ఇనుపముక్క ఉండాలి గనుక నాళిక పక్కన ఒక మేకు పెట్టింది. మేకు చీమకన్నా పది రెట్లు ఉంది, ఎవరికి ఎవరు కాపలానో అర్థం కాలేదు. ఇరవయ్యొక్క రోజులదాకా ఎవరూ చూడొద్దంది. చిన్నాయిన దుకాణం నుంచి రాగానే అలవాటుగా కాగితం ఎత్తబోతే చేతిమీద కొట్టింది. "బాలెంత అర్రల మొగోనికి ఏం పని?" అంది. రోజుకు తొమ్మిదిసార్లు ఎత్తి చూసేవాడు ఆయన. ఆ రెండు రాణులను సగం అవ్వ మలీద చంపితే మిగతా సగం ఈయన ప్రేమ చంపిందని నాకు అప్పుడు తోచింది. చెబితే బాధపడతాడని చెప్పలేదు. నేను కూడా అప్పుడప్పుడు నోరు మూసుకోగలను.

ఇరవయ్యొకటో రోజు అవ్వ తలస్నానం చేసి, కాగితం ఎత్తింది. చీమపిల్లలు లేవు. బియ్యపుగింజల్లాంటి నాలుగు మూసిన గూళ్లున్నాయి, రాణి వాటిమీద తల పెట్టుకొని ఉంది. కదలకపోతే చచ్చిందనే అనుకునేవాళ్లం. బాపు రాతిగిన్నెల వైపు చూశాడు. "పురుడైపాయె, పిల్లలు రాకపాయె" అన్నాడు. చిన్నాయిన మొహం చూసి నేను సందుగ మీద పుస్తకం తెరిచాను, తెరవాల్సిన అవసరం లేకపోయినా.

విషయం విని ఉస్తాద్ సాయంత్రం వచ్చాడు. "అమ్మా, మీ దాంట్ల ఇరవయ్యొకటి. మా దాంట్ల నలభై దినాలు, చిల్లా అంటం. గీ చీమ ఎవల దాంట్ల పుట్టిందో మనకెట్ల ఎరుక? జర ఆగుండ్రి" అన్నాడు. అవ్వ ఆలోచించింది. పురుటి విషయాల్లో ఆమె ఎవరి మాటా విన్నట్టు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. "ఆగుదం తియ్" అంది. బాపు గొణుక్కుంటూ రాతిగిన్నెల్లో నీళ్లు నింపాడు.

నలభయ్యో రోజు అని ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటారు. నా లెక్క ప్రకారం ముప్పై ఎనిమిది. నన్నెవరూ అడగలేదు. మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకున్నారు. నేను ఆ అర్రలో సందుగ ముందు కూర్చుని ఉన్నాను. బల్ల నాలుగడుగుల దూరంలో ఉంది. నాళికను ఒక్కసారి కదిపితే చాలు, బల్ల నాది, ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. వచ్చి, కాసేపు కూర్చుని, చాయ్ కూడా ఎవరూ అడగకపోవడంతో లేచిపోయింది. కాగితం కాస్త ఎత్తి చూశాను. రాణి ఒక గూటిని దవడలతో చీలుస్తోంది. అంత పెద్ద దవడలు, అంత మెల్లగా. లోపలినుంచి తెల్లగా, మడతలు పడ్డ చీమ ఒకటి బయటికి వచ్చింది. రాణి దాని కాళ్లు ఒక్కొక్కటే విప్పి సాపు చేసింది, అచ్చం తడిబట్ట దులిపి ఆరేసినట్టు. రంగు కూడా రాలేదు దానికి. నేను కాగితం దించి, పోయి అవ్వను లేపాను.

"అవ్వా, పుట్టింది."

"ఆడివిల్లనేనా?" అంది అవ్వ కండ్లు తెరవకుండానే.

చీమల్లో పనిచేసేవన్నీ ఆడవే. అరపేజీ పాఠంలో ఆ ముక్క ఉంది. "ఆడివిల్లనే" అన్నాను. బైపీసీ నాకు మొదటిసారి పనికొచ్చింది.

నాలుగోది కూడా బయటికి వచ్చాక, ఇప్పుడు పెట్టొచ్చని చిన్నాయిన చెప్పాడు. చెప్పి, చీపురుపుల్లను అవ్వ చేతికే ఇచ్చాడు. ఆమె దాని కొసను చక్కెరనీళ్లలో ముంచి, నాళిక అంచున ఒక చుక్క పెట్టింది. ఒక చిన్న చీమ వచ్చి తాగి, వెనక్కి పోయి, రాణి నోటికి నోరు ఆనించింది. చిన్నాయిన భూతద్దం తీసి, తుడిచి జేబులో వేసుకున్నాడు, తుడుచుకోవాల్సింది అద్దం కాదని తెలుస్తూనే ఉంది. బాపు గుమ్మంలో నిలబడి చూసి, "అయితె నీ బల్ల పాయె" అన్నాడు నాతో. "సగం ఇయ్యుమను" అన్నాను. ఇచ్చారు. మిగతా చదువంతా నాలుగు రాతిగిన్నెల మధ్య ఆ ద్వీపం మీదే చదివాను. ఎర్రచీమల కథ గుర్తుండి బాపు దానిమీద చొక్కా మాత్రం ఎప్పుడూ పెట్టలేదు.

ఆ రాణి తొమ్మిదేండ్లు బతికింది. కందిలి చిమ్నీ సరిపోక అక్వేరియం తొట్టిలోకి మారింది. ఈలోగా నేను డిగ్రీ చేశాను, పెళ్లి చేసుకున్నాను, చిన్నాయిన కూడా చేసుకున్నాడు. చిన్నమ్మ మొదటి పురుడు మా ఇంట్లోనే జరిగింది. ఇరవయ్యొకటా నలభయ్యా అని అప్పుడు ఉస్తాద్‌ను పిలిచి అడిగింది అవ్వ.

పచ్చడి సీసా ఇప్పుడు వంటింటి పై అరలో, ఎర్రకాగితం చుట్టుకొని, పక్కన ఒక మేకుతో ఉంది. మా ఆయన పొద్దున లేస్తూనే ఎన్నాళ్లని అడుగుతున్నాడు. ఇరవయ్యొకటని అవ్వ లెక్క పైకి చెప్పి, నలభై అని ఉస్తాద్ లెక్క మనసులో ఉంచుకున్నాను. నిన్న ఆయన స్టూలెక్కి కాగితం మీద చెయ్యి వేస్తుండగా పట్టుకున్నాను, అవ్వ కొట్టినట్టే కొట్టాను. కాలం ఎవరి లెక్కకు వస్తుందో ముందే ఎవరికీ తెలియదు. మన వంతు పనల్లా మాటిమాటికీ మూత తీసి చూడకపోవడమే.