పొద్దున పూట పడిపోయే నెట్టు

ఇంట్లో నెట్టు నిదానంగా వస్తోందంటే తప్పు ఆ ఇంట్లోనే ఉందని తేల్చేయడం కంపెనీలకు మహా సులువు. రౌటరు ఆపి మళ్ళీ వేయమంటారు, గోడలు మందంగా ఉన్నాయంటారు, ల్యాప్‌టాప్ పాతదంటారు. కుందలహళ్ళిలో అద్దెకుంటున్న కిరణ్మయి నాలుగు నెలలుగా ఇవన్నీ వింటూనే ఉంది. ముగ్గురు టెక్నీషియన్లు మూడుసార్లు వచ్చారు. ముగ్గురూ మధ్యాహ్నం భోజనాలు కానిచ్చుకుని తీరిగ్గా వచ్చినవాళ్ళే. అప్పుడు వేగం చూస్తే వందకు తొంభై ఆరు. "అంతా బాగుంది మేడమ్" అని ఫిర్యాదు మూసేసి వెళ్ళారు. మర్నాడు పొద్దున పదింటికి చూస్తే మళ్ళీ నాలుగే.

నాలుగోసారి గురువారం నాడు వచ్చినవాడు ఇస్సాకు. కాటన్‌పేటలో పుట్టి పెరిగినవాడు, చదివింది ఏడో తరగతి, కేబుల్ టీవీ రోజుల నుంచి స్తంభాలెక్కుతూ యాభై నాలుగేళ్ళకు వచ్చాడు. మనిషికి గర్వం కాస్త ఎక్కువే, దాన్ని దాచుకునే అలవాటూ లేదు. కుందలహళ్ళిలో సగం ఇళ్ళకు ఫైబరు వైరు లాగింది తానేనని టీకొట్టు దగ్గర ఎవరడిగినా చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు. అయితే మిగతావాళ్ళకు లేని పట్టుదల ఒకటి అతనికి ఉంది. నెట్టు ఏ వేళకు పడిపోతుందో ఆ వేళకే వస్తాడు.

"జొరం తగ్గినాక డాక్టరొచ్చి నాడి పడితే ఏం తెలుస్తుందమ్మా? పొద్దున పోతా ఉండాదంటే పొద్దునే చూడాల" అన్నాడు తొమ్మిదిన్నరకే వచ్చి కూర్చుని.

కిరణ్మయికి మాత్రం ఉద్యోగం పోతుందని భయం. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు దొరికిన మొదటి ఉద్యోగం, ఇంటి నుంచి పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పడం. ఇప్పటికే రెండు పాఠాల్లో మధ్యలో బొమ్మ ఆగిపోయింది. "రేపు పదింటి క్లాసు మా హెడ్ స్వయంగా చూస్తారంకుల్. మళ్ళీ కట్ అయితే సోమవారం నుంచి రానక్కర్లేదన్నారు" అంది.

ఇస్సాకు ముందు ల్యాప్‌టాప్‌ను వైరుతో నేరుగా రౌటరుకు తగిలించాడు. పది దాటగానే అలా చూసినా నాలుగే. అంటే గోడల తప్పు కాదు, వైఫై తప్పూ కాదు. కొత్త రౌటరు పెట్టి చూశాడు, అదీ అంతే. వైరులో వచ్చే వెలుతురును కొలిచే చిన్న మీటరు సంచిలోంచి తీసి పెడితే వెలుతురు బాగా తగ్గి ఉంది. వీధి స్తంభం మీది డబ్బా దగ్గర కొలిస్తే నిండుగా ఉంది. పన్నెండున్నరకు ఇంట్లో కూడా నిండుగా వచ్చేసింది, ఎవరూ ఏమీ చేయకుండానే.

"ఆదివారం ఎట్లుంటాది?"

"ఆదివారం రోజంతా సూపర్‌గా వస్తుందంకుల్."

అందరూ ఇంట్లో ఉండి సినిమాలు చూసే ఆదివారం బాగుండి, పనిరోజుల్లో పొద్దున పడిపోవడం అతనికి వింతగా తోచింది. స్తంభానికీ ఇంటికీ మధ్యనే ఏదో జరుగుతోంది. ఆ మధ్యలో ఉన్నది ఛాయాదేవి నడిపే ఆడపిల్లల పీజీ హాస్టలు, దాని మేడ మీదుగానే వైరు వస్తుంది.

శుక్రవారం తొమ్మిదిన్నరకు ఆ మేడ ఎక్కాడు. ఎక్కి నోరు తెరిచాడు. నల్లటి ఫైబరు వైరు మీద వరసగా పదకొండు తడి దుప్పట్లు వేలాడుతున్నాయి. ఆ బరువుకు వైరు కిందికి సాగి, కట్టిన ఇనుపకడ్డీ దగ్గర మడత పడింది. మడతలో వెలుతురు సరిగ్గా పోదు. మధ్యాహ్నానికి దుప్పట్లు ఆరిపోతాయి, తీసేస్తారు, వైరు తేలికపడి నెట్టు లేచి కూర్చుంటుంది. ఆదివారం పీజీలో ఉతుకుడు లేదు.

"ఏమమ్మా, దీని మీదనా బట్టలారేసేది!" అని కేక వేశాడు.

ఛాయాదేవి ఏమాత్రం తగ్గలేదు. "చేతికందేట్టు మీరే కట్టిపోతిరి గదప్పా! మా తంతి తెగినాక నాలుగు నెలలుగా ఇదే బట్టల తంతి అనుకుంటిమి."

ఇస్సాకు ఇనుపకడ్డీ వైపు చూశాడు. నీలం టేపు, మూడు చుట్లు, పైన అడ్డంగా ఒక ముడి. ఈ వీధుల్లో అలా కట్టేవాడు ఒక్కడే, తానే. ఎత్తిన చేతికి కూడా వైరు అందకూడదన్నది అతను పెట్టుకున్న నియమం. రెండేళ్ళ కింద వాన దంచుతున్న రోజున, రేపు వచ్చి పైకి కడదాములే అనుకుని ఛాతీ ఎత్తులో కట్టిపోయాడు. ఆ రేపు రానే లేదు. అతని ముఖం మాడిపోయింది.

ఛాయాదేవి గొణుక్కుంటూనే దుప్పట్లన్నీ లాగేసింది. అతను టేపు కోశాడు. కానీ నెలల తరబడి నలిగిన వైరు నిటారుగా నిలవలేదు, వదిలితే మళ్ళీ అక్కడే మడత పడుతోంది. కోసి అతకాలంటే అరగంట నెట్టు ఆగిపోతుంది. టైము చూస్తే పదికి అయిదు నిమిషాలు. ఇంకేం ఆలోచించకుండా వైరును మడత పడకుండా భోజనం పళ్ళెమంత గుండ్రంగా వంచి, తలకన్నా పైకెత్తి రెండు చేతులా పట్టుకున్నాడు.

అలాగే నిలబడ్డాడు. ఎండ నెత్తికెక్కింది, భుజాలు లాగాయి, వేళ్ళు మొద్దుబారాయి. ఛాయాదేవికే జాలేసి మజ్జిగ తెచ్చి, గ్లాసు తానే అతని నోటికందించింది. నలభై అయిదు నిమిషాలు అతను చేతులు దించలేదు. చివర చివరకు ఆ నొప్పే అతనికి నచ్చింది.

క్లాసు ముగిసే వేళ దాటాక వైరును మెల్లగా వదిలాడు. ఇంతలో ఆఫీసు నుంచి స్టాన్లీ ఫోను. ఫిర్యాదులు ముగించేది అతనే. ఇస్సాకు జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"అన్నా, కారణం ఏం రాయాల? కస్టమర్ ఇంట్లో తప్పు అని వేసేదా? నాలుగు కంప్లయింట్లు నీ పేరు మీద పడితే బాగుండదు."

"నా పేరే రాయప్పా. వైరు కిందికి కట్టిందీ నేనే, సరిచేసేదీ నేనే. రెండూ రాయి."

వెనక అడుగుల చప్పుడైంది. కిరణ్మయి మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతోంది. ఒక్కసారి కూడా ఆగలేదనీ, హెడ్ ఉద్యోగం ఖాయం చేసిందనీ చెప్పింది. ఇస్సాకు తల దించుకోలేదు. "విన్నావు గదమ్మా. నాలుగు నెలలు నిన్ను ఏడిపిచ్చింది నేను కట్టిన ఈ కట్టే" అన్నాడు.

కోపగించుకుంటుందనే అనుకున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఇన్నాళ్ళూ అందరూ తప్పు మా ఇంట్లోనే ఉందన్నారంకుల్. ఆఖరికి నేనూ నమ్మేశాను, నాకే చేతకావట్లేదని. తప్పు నాది అని చెప్పింది మీరొక్కరే."

ఇస్సాకు నిచ్చెన తెచ్చుకుని, నలిగిన ముక్క కోసి అతికి, వైరును ఎవరి చేతికీ అందనంత పైకి కట్టాడు.