చంక దిగని చినబాబు

కాసమ్మ ఎవరినైనా ఒక్క చూపుతో తూచి పారేసేది. రంగూన్ వెళ్లిన మొగుడు పత్తా లేకుండా పోతే, సముద్రపొడ్డు పల్లె వదిలి, పదేళ్ల కూతురు కన్నమ్మతో బరంపురం వచ్చి, బట్టలకొట్టు కామందు కాశీవిశ్వనాథం గారి పెరడు ఊడ్చే పనికి కుదిరింది.

ఆ కామందు సంగతి ఆమెకు మొదటిరోజే తెలిసిపోయింది. బాలీసు లేనిదే కూర్చోలేడు, గోడ లేనిదే నిలబడలేడు, పక్కన మనిషి లేనిదే చెప్పులు విడవలేడు. అలాంటివాడు సాయంత్రం అరుగు మీద చేరి, ఈ కొత్త ఒరిస్సా రాష్ట్రంలో తెలుగువాళ్లు తలెత్తుకు నిలబడాలని నలుగురికీ చెబుతుంటే, ఆమె చీపురు కాస్త గట్టిగా ఆడించి దుమ్మంతా అటువైపే లేపేది.

ఆయన మనవడు సోమేశ్వరరావు. పేరు బారెడు, వయసు ఆరేళ్లు. తినడం, కూలబడటం తప్ప మరో పని లేక వీపు గూనిలా వంగుతోందని డాక్టరుకు చూపించారు. "పిల్లవాడి వెన్ను జాగ్రత్త. బాగా పరిగెత్తనివ్వండి, ఆడనివ్వండి" అన్నాడాయన. ఇంటిల్లిపాదికీ మొదటి మాటే వినబడింది. కొడల ఊరి నుంచి వడ్రంగిని రప్పించి నిటారు వీపు కుర్చీ చేయించారు. రెండుపూటలా నూనె మర్దనా మొదలుపెట్టారు. నడిస్తే వెన్ను అదురుతుందని బాబు కాలు నేల మీద పెట్టనివ్వకుండా, ఎత్తుకు తిరగడానికి కన్నమ్మను పెట్టారు. వీధి చివరి బడికి, బడి నుంచి కొట్టుకి, కొట్టు నుంచి ఇంటికి, అంతా ఆ పిల్ల చంకలోనే. రోజంతా దాన్నే అంటిపెట్టుకున్న బాబు మీద గుమ్మం దగ్గర మాత్రం నీళ్లు చల్లి లోపలికి తీసుకునేవారు.

కూతురికి కడుపునిండా కూడు దొరుకుతోందని కాసమ్మ పళ్లు బిగబట్టి ఊరుకుంది.

ఒకనాడు పెరట్లో పేడ ఎత్తుతూ చూస్తే కన్నమ్మ వస్తోంది. ఒక భుజం పైకి లేచింది, నడుము పక్కకు తోసుకొచ్చింది. చంకలో మటుకు బాబు లేడు. వాడు లోపల కుర్చీలో కూర్చుని పాలు తాగుతున్నాడు. కాసమ్మ పేడతట్ట అక్కడే దించేసింది.

ఆ మధ్యాహ్నం కన్నమ్మ బాబును చంకనేసుకుని వీధిలోకి దిగగానే కాసమ్మ ఎదురెళ్లి, వాణ్ణి రెండు చేతులా పెరికి దుమ్ములో నిలబెట్టింది. అరుగు మీద నుంచి ఆ ఇంటి కోడలు జయలక్ష్మి కెవ్వుమంది.

"అయ్యయ్యో, బాబుకి ఎన్ను పాడైపోదేటే!"

"మీ బాబుకే ఉందేటమ్మా ఎన్ను? మా గుంటకి ఎనకాల ఏటుందనుకున్నారు, తాటిమట్టా?"

"రెండుపూటలా తిండెడతన్నాం, అది మర్సిపోకు."

"ఎట్టినారు. ఎట్టిన కూడంతా మీ గుంటణ్ణి మొయ్యడానికే అరిగిపోనాది. సాలు తల్లీ. రేపట్నుంచి మీ పెరడు మీరే తుడుసుకోండి."

అరుగు మీదే ఉన్న కాశీవిశ్వనాథం కేకలేస్తూ బాలీసు మీంచి లేవబోయి, చేయి అందించేవాడు లేక మళ్లీ కూలబడ్డాడు. సోమేశ్వరరావు కాళ్లకింది వేడి దుమ్మును వింతగా చూసుకుని, ఒక్క గెంతు గెంతి, ఎవరిదో మేకపిల్ల వెనకాల వీధి చివరిదాకా పరుగు తీశాడు. వాడి వెన్నుకు ఏమీ కాలేదు. కాసమ్మ ఆ ఇంటివైపు చూసి తుపుక్కున ఉమ్మి, కూతురి వైపు తిరిగింది.

కన్నమ్మ ఒక పక్కకు ఒరిగి, చేయి నడుము చుట్టూ వంచుకుని అలాగే ఉంది.

"దిగిపోనాడే ఆడు. ఇంక తిన్నగా నిల్సోవే."

"నిల్సున్నాను కదే అమ్మా" అంది కన్నమ్మ.