కొంగు లేని గుడ్డ

మా అక్క ముప్పై ఏళ్లుగా నేయిస్తున్న బట్టను ఎవరి ఒంటి మీదా చూడలేదు. మగ్గాల పేట కామత్‌ఘర్‌లో బావకున్న ఎనిమిది సాంచాల, అంటే కరెంటు మగ్గాల, మీద దిగేదంతా రంగు లేని గ్రే గుడ్డ. టెంపో ఎక్కి మాన్కోలి గోదాములకు పోతుంది. అక్కడి నుంచి ఏ రంగు వేసుకుని ఎవరికి చొక్కా అవుతుందో, ఎవరికి దిండు గలీబు అవుతుందో తెలియదు. నేను పత్రికలో పనిచేసినన్నాళ్లూ అక్కకు నా మీద అదే కుళ్లు.

"నీ రాతన్న పేపర్ల కనవడ్తది తమ్మీ. నా గుడ్డ ఏ ఊర్ల తిరుగుతున్నదో."

అందుకే బావకు నూలిచ్చి నేయించుకునే గైబీ నగర్ సేఠ్ హజ్ నుంచి వచ్చి ఒక గుడ్డ ముందు పెట్టినప్పుడు అందరికన్నా ముందు ఆమే అందుకుంది. సేఠ్‌కు మక్కాలో ఫిలిప్పీన్స్ దంపతులు పరిచయమయ్యారట. లానావో అనే పెద్ద సరస్సు ఒడ్డున, మరనావ్ జనం ఉండే చిన్న మున్సిపాలిటీ వాళ్లది. ఆ ఇల్లాలికి అక్కడ బట్టల దుకాణం. తమవాళ్లు రోజూ కట్టుకునే మలోంగ్ ఒకటి ఇచ్చి, అలాంటిదే నేసి పంపమంది. నచ్చితే రెండు సాంచాలకు ఏడాదంతా రంగుల పని. నచ్చకపోతే మళ్లీ గ్రే.

మలోంగ్ అంటే రెండు వైపులా మూతి తెరిచిన బస్తా అనుకోండి. ఎత్తు మనిషంత, వెడల్పు ఇద్దరు పట్టేంత. ఆరోజు శుక్రవారం, సాంచాలకు సెలవు. అక్క దాన్ని తల మీంచి దించుకుంది. లోపల ఇంకా చోటుందని కోడలు కూడా దూరింది. తర్వాత బావ వంతు. లుంగీలా కట్టబోయి, మొదలూ చివరా దొరక్క, వెతుక్కుంటూ గుండ్రంగా తిరిగి మంచం మీద పడ్డాడు. నవ్వులకు పక్కింటివాళ్లు కిటికీ దగ్గర పోగయ్యారు. అక్క మాత్రం ఆయన్ను లేపి నిలబెట్టి, చుట్టూ తిప్పుతూ దేనికోసమో చూస్తోంది.

"ఆగయ్యా, కొంగేడున్నదో సూడనీ."

లేదు. కొంగే లేదు. అక్కకు అది మింగుడుపడలేదు. కొంగు లేకుంటే ఆడది చెమటెట్ల తుడుచుకుంటది, పిల్లగాని ముక్కెట్ల తుడుస్తది అని ఆ సాయంత్రమంతా అడిగింది.

ఉన్నదున్నట్టు నేయమని సేఠ్ మరీ మరీ చెప్పి వెళ్లాడు. అక్క తల ఊపింది. పది రోజులకు గుడ్డ దిగింది. ఎర్రటి, వంకాయ రంగు చారలు అచ్చం దానిలాగే ఉన్నాయి. చివర మాత్రం జానెడు పసుపు కొంగు.

బావ తల పట్టుకున్నాడు. "జిరాక్స్ తియ్యమన్నడు గని పెండ్లి చీర నేయమన్నడా?"

దర్జీ రెండు కొసలూ కలిపి కుట్టేసరికి ఆ కొంగు కుట్టు పక్కనే పైనుంచి కిందికి పసుపు స్తంభంలా నిలబడింది. అప్పుడు అక్కకు కూడా భయం వేసింది. మళ్లీ నేసే వ్యవధి లేదు. సేఠ్ మనిషి వచ్చి పార్సిల్ తీసుకుపోయాడు.

గుడ్డ అందాక ఆ దుకాణం ఇల్లాలు వీడియో కాల్ చేసింది. అదీ శుక్రవారమే. సాంచాలు ఆగినా మావాళ్ల గొంతులు తగ్గవు. ముప్పై ఏళ్ల మోత మీద అరిచి అరిచి అలవాటు. మీ ఇంట్లో ఏదైనా తగాదానా అని ఆమె నన్ను ఇంగ్లీషులో అడిగింది. కాదు, మీకు నమస్కారం చెబుతున్నారన్నాను. నవ్వి, ఫోను తిప్పి ఊరంతా చూపించింది. మసీదు గుమ్మటం, మున్సిపాలిటీ ఆఫీసు, దాని వెనకాలే కంటికి ఆననంత నీళ్లు. అక్క నన్ను మోచేత్తో పొడిచింది. గవన్నీ తర్వాత, గుడ్డ సంగతి అడుగు అని.

ఆమె గుడ్డ పరిచింది. వేలు పసుపు రంగు దగ్గర ఆగింది. ఇదేమిటంది. ఇన్నేళ్లు మాటలతో బతికినవాణ్ని, కొంగుకు నాకు ఇంగ్లీషు మాట దొరకలేదు. గుడ్డకు చివర అన్నాను. దీనికి చివరెక్కడుంది అందామె. ఆ మాట మావాళ్లకు తెలుగులో చెప్పాను. బావ నవ్వాపుకోలేక నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆమె ఫోను బల్ల మీద పెట్టి ఎటో వెళ్లిపోయింది. మాకు పైకప్పు, తిరిగే ఫ్యాను కనిపిస్తున్నాయి. అక్క నా మణికట్టు పట్టుకుంది. గాజులు గుచ్చుకునేంత గట్టిగా.

తిరిగొచ్చేసరికి ఆమె దాన్ని కట్టుకుని ఉంది. చేతిలో పాత మలోంగ్ ఇంకొకటి. పండుగలకు కట్టేదట. దాని కుట్టు మీద, సరిగ్గా అదే చోట, చేత్తో నేసిన సన్నని పట్టీ. వాళ్ల అమ్మమ్మ నేసిందట. ఇక్కడ పట్టీ ఉంటుందని మీకెవరు చెప్పారు అని అడిగింది. దుకాణానికి మాత్రం పసుపు లేకుండా నేయమంది. పట్టీలు తమ ఊరి ఆడవాళ్లే నేసి కుట్టుకుంటారు. ఈ ఒక్కటి మాత్రం తానే ఉంచుకుంటానంది.

అదంతా నేను తెలుగులో చెప్పాక అక్క అంది: "అంటే కొంగు ఆళ్లే పెట్టుకుంటరన్నట్టు. మంచిదే."

తర్వాత ఒకసారి వెనక్కి తిరగమని చెప్పమంది. ఆమె తిరిగింది. ఇంకోసారి అంది. ఆమె నవ్వుతూ ఇంకోసారి తిరిగింది. మూడోసారికి అక్క నా చెవి దగ్గరకు వంగింది. అక్క గొంతు అంత సన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు.

"ఎడమ దిక్కు అంచుల ఒక పోగు తెగింది. చెప్పకు." మళ్లీ ఫోను వైపు తిరిగి, "ఇంకోపాలి తిరుగుమను."