కండువా మీద మామిడి మరక

ఒకప్పుడు రెడ్డిగూడెం దాకా మా తోటలే. ఇప్పుడు మిగిలింది ఇంటి వెనక తోట ఒక్కటే. కిందటి వేసవిలో అక్కడికి వెబ్ సిరీస్ వాళ్లు వచ్చారు. ముసలి దంపతుల వేషాలకి అనుకున్నవాళ్లు రాలేకపోయారు. మామిడిచెట్టు కింద నా కుర్చీలో నిటారుగా కూర్చున్న నన్ను డైరెక్టరు చూసి, "ఇలా కూర్చోవడం ఎవరికీ నేర్పలేమండీ. మీరూ అమ్మగారూ చేసెయ్యండి" అన్నాడు.

మా తాతగారు నాటకాలవాళ్లకి పందిరి వేయించి భోజనాలు పెట్టించిన మనిషి. ఆయన మనవడు మొహానికి రంగు పూసుకోవడమా? కుదరదన్నాను.

"పోనీ, విజయవాడ నుంచి ఓ జంటని పిలిపిస్తాను."

మా చెట్టు కింద, మా కుర్చీలో, ఎవడో వచ్చి ఇంటి యజమానిలా కూర్చుంటాడా? వెంటనే ఒప్పుకున్నాను.

అలిగిన భార్య రసం మామిడిపండు తింటూ ఉంటుంది. భర్త వచ్చి ఆవిడ భుజం మీద తల వాల్చాలి. అంతే సీను. ఎండ పోయేలోపు అది సరిగ్గా రాకపోతే మర్నాడు విజయవాడ జంటే.

దానికోసం హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇంటిమసీ కోఆర్డినేటరట. ఫైట్లకి ఫైట్ మాస్టరున్నట్టు, నటులు ఒకరినొకరు తాకే సీన్లకి తనుంటానని చెప్పింది. ఎవరు ఎవరిని ఎక్కడ తాకాలో, ఎక్కడ వద్దో ముందే అడిగి, ఆ ప్రకారం నేర్పిస్తుందట.

"అంటే ముట్టుకోడానికి మాస్టారన్నమాట!" అంది మా ఆవిడ. ఆ అమ్మాయి కూడా నవ్వేసింది.

తల వాల్చాను. మా ఆవిడ కిసుక్కుమంది. కట్. మళ్లీ వాల్చాను. ఈసారి పండు జారి ఒళ్లో పడింది. కట్. డైరెక్టరు ఆకాశం వంక చూశాడు. నాకు విజయవాడ ముసలాయన మా కుర్చీలో కాళ్లు చాపుకున్నట్టే కనిపించింది.

ఆ అమ్మాయి అందర్నీ ఆపింది. "అమ్మా, మీకు ఇబ్బందేమైనా ఉందా?"

"ఆవిడకేం అభ్యంతరం లేదమ్మా" అన్నాను.

"మిమ్మల్ని కాదు సార్."

"ఉందమ్మా" అంది మా ఆవిడ. "ఆ మీసం. మెడకి తగిలితే చక్కిలిగింత. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇంతే."

కెమెరా వెనక ఎవరో దగ్గు నటించారు.

"ఇన్నేళ్లూ చెప్పలేదేమే?"

"ఇన్నేళ్లూ ఎవరడిగారండీ? ఈ అమ్మాయి అడిగింది, చెప్పాను."

మీసం తీసెయ్యమంటారేమోనని వెన్ను మరింత నిటారు చేశాను. ఆ అమ్మాయి మీసం జోలికి రాలేదు. "అయితే తల వాల్చడం వద్దు. అమ్మే మీ దగ్గరికి వస్తారు. మీకెక్కడ వద్దు సార్?"

"ఆయన కండువా ఎవరూ ముట్టుకోకూడదమ్మా" అంది మా ఆవిడ.

"ఆయన్ని చెప్పనివ్వండమ్మా."

ఇద్దరికీ ఒకటే రోగమని తేలిపోయింది. నాకే నవ్వొచ్చింది. వచ్చింది ఆగలేదు. నన్ను చూసి మా ఆవిడ, మమ్మల్ని చూసి లైట్లవాళ్లు, చివరికి డైరెక్టరు కూడా చెట్టుకి ఆనుకుని నవ్వాడు.

కాస్త తేరుకున్నాక మా ఆవిడ చేతులు చాపింది. మోచేతుల దాకా రసం కారుతోంది. "ఏవండీ, కండువాకి తుడుచుకోనా?" అంది. సీను కోసం అడిగిందో, నిజంగానే అడిగిందో తెలియలేదు.

ఉతికి గంజిపెట్టిన కండువా. తోటలు పోయినా నా భుజం మీద నలగకుండా ఉన్నదదొక్కటే.

"తుడుచుకో" అన్నాను.

"ఇదే సీను!" అని అరిచాడు డైరెక్టరు. "కెమెరా!"

మా ఆవిడ మళ్లీ అడిగింది, నేను మళ్లీ ఒప్పుకున్నాను. తీరిగ్గా, వేలు వేలూ విడివిడిగా తుడుచుకుంది. చివర్లో మూతి కూడా తుడుచుకుంది. అది ముందు అనుకున్నది కాదు. ఆ అమ్మాయి నా వైపు చూసి, ఫరవాలేదా అన్నట్టు కళ్లెగరేసింది. తలూపాను. ఎండ ఇంకా ఉంది.

విజయవాడ జంట రాలేదు. మరకా పోలేదు. ఎన్ని ఉతుకులు ఉతికినా పచ్చగా నా భుజం మీదే ఉంది. ఆ కండువాతోనే మొన్న బాపులపాడులో పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర నాకు వరసకి బావయ్యే ఒకాయన పట్టుకున్నాడు.

"ఏంటి బావా, జమీందారుగారి కండువాకి ఆ మరకేంటి?"

వెన్ను నిటారు చేసి చెప్పాను. "మీ చెల్లెలు చెయ్యి తుడుచుకుంది బావా. నన్నడిగే."