తన కేసు మరిచిన ప్లీడరు

కృష్ణస్వామిగారిది అహోబిలంలో గుడి కైంకర్యాలు చేసే ఇల్లు. ఆయన మాత్రం నంద్యాలలో ప్లీడరయ్యారు. నుదుట నిలువునామం, ఒంటిమీద నల్లకోటు, కింద పంచె. కోర్టులో గొంతు కంచులా మోగేది. ఇంట్లో భార్య పుండరీకవల్లి చారులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే మాత్రం జవాబుకు తడుముకునేవారు.

నలభైరెండులో కాంగ్రెసువాళ్లను వరసగా పట్టుకుపోతుంటే, తోటి ప్లీడర్లలో చాలామందికి ఉన్నట్టుండి నడుంనొప్పులు వచ్చాయి. ఆ కేసులన్నీ ఈయన నెత్తిన పడ్డాయి. అందులో ఒకటి ఆళ్లగడ్డ దర్జీ హుస్సేన్ వలిది. సభకు జెండాలు కుట్టాడని పట్టుకున్నారు. మిషను ఆగితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. కృష్ణస్వామిగారు ఆళ్లగడ్డ వెళ్లి, మనం ఎన్నుకోని ప్రభుత్వం మనల్ని ద్రోహులని ఎట్లా అంటుందని సంత మధ్యలో నిలబడి అడిగారు. దాంతో ఆయన్నూ పట్టుకున్నారు.

ఇద్దరినీ ఒకే రోజు నంద్యాల కోర్టుకు తెచ్చారు. లోపలికి రాగానే కృష్ణస్వామిగారు అలవాటు కొద్దీ నేరుగా ప్లీడర్ల వరసకు పోయి, కోటు సర్దుకొని, తన కుర్చీలో కూర్చున్నారు. వెంట వచ్చిన జవాను ఏళ్ల తరబడి ఆయనకు దండం పెట్టినవాడే. పాపం, చెమటలు పట్టి, ఆయన చెవి దగ్గరకు వంగాడు.

“సామీ, ఇయ్యాల ఆడ గాదు, ఈడ,” అని బోను చూపించాడు.

బోనెక్కి కూడా ఆయన తన సంగతి ఎత్తలేదు. హుస్సేన్ వలి జెండాలే కాదు, జవాన్ల నిక్కర్లు కూడా కుట్టాడని, కుట్టడమే నేరమైతే వాటి మీదా కేసు పెట్టాలని మొదలుపెట్టారు. జవాను తన నిక్కరు వంక చూసుకున్నాడు.

మేజిస్ట్రేటు నవ్వు ఆపుకొని, ముందు మీ సంగతి చూసుకోండి అన్నాడు. ఇకమీద సభల్లో మాట్లాడనని, ఇట్లాంటి కేసులు పట్టనని ఒక్క మాట ఇస్తే ఇప్పుడే ఇంటికి పొమ్మన్నాడు. బయట వసారాలో పుండరీకవల్లి క్యారియరు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఆవిడ మడి కట్టుకొని వండింది తప్ప ఆయన ఇంకొకరి చేతి అన్నం ముట్టరు. జైలుకు పోతే ఆ ఆచారమూ పోతుంది.

హుస్సేన్ వలి తనే గొంతు తగ్గించి అన్నాడు: “నా గురించి చూడాకు సామీ. అమ్మ అన్నం తెచ్చింది. పో.”

“నేను పోతే నీ తరఫున ఎవరు మాట్లాడతారప్పా?” అని, ఆయన మేజిస్ట్రేటు వైపు తిరిగి, పట్టిన కేసు వదిలేది లేదన్నారు.

ఇద్దరికీ శిక్ష పడింది. బళ్లారి జైల్లో మొదటి పూట సంకటి ముద్దను, కళ్లు మూసుకొని నరసింహస్వామిని తలుచుకుంటూ మింగారట. రెండో పూట ఇంకొంచెం పెట్టమన్నారట. ఆ తర్వాత జైల్లోనే ప్లీడరీ మొదలైంది. అడిగినవాళ్లందరికీ అప్పీళ్లు రాసిచ్చారు. మొట్టమొదటిది వలిది. పై కోర్టు దాన్ని ఒప్పుకుంది. వలి ఆళ్లగడ్డ చేరి మళ్లీ మిషను తొక్కాడు. మరికొందరూ బయటపడ్డారు.

ఆ సంబరంలో తన అప్పీలుకే గడువు దాటిపోయిన సంగతి ప్లీడరుగారికి తట్టలేదు. చూడడానికి వచ్చిన భార్యకు, కడ్డీ మీది తుప్పును గోటితో గీకుతూ, ఆ ముక్క చెప్పారు.

“అందరికీ ప్లీడరు దొరికినాడు. మీకు దొరకలేదా?” అంది ఆవిడ.

అంత మాట అన్న మనిషే, తిరుగు రైల్లో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఒకావిడకు, ఆమె అడక్కుండానే, మా ఆయన జైల్లో ఉన్నాడని తలెత్తి చెప్పుకుందట.