రోజూ గ్రహణం పట్టే చోటు

పరిశోధన మానేద్దామనుకుంటున్న రోజులవి. హౌరా స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని, ల్యాప్‌టాప్‌లో ఓ నక్షత్రాల జంట వెలుగు గ్రాఫు చూస్తున్నాను. పొద్దున్నించీ ఏమీ తినలేదు.

నేను ఫోనులో తెలుగు మాట్లాడటం విన్న పక్క సీటు పెద్దావిడ తెరవైపు వంగింది. “ఏటమ్మా అది?”

పక్క గెలాక్సీలో రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయనీ, ఒకటి అడ్డొచ్చినప్పుడల్లా రెండోదానికి గ్రహణమనీ, అది రోజూ జరిగేదేననీ చెప్పాను.

ఆవిడ కంగారుపడింది. “రోజూ గ్రహణమేనేటి? మరక్కడోలు అన్నం ఎప్పుడు తింతారమ్మా?”

ఆ వెలుగు కింద ఎవరైనా ఉండొచ్చని ఇన్నేళ్లలో నాకు తట్టనేలేదు. నవ్వబోయి, మళ్లీ తెరవైపు చూశాను. ఆవిడ వాడిపోయిన నా ముఖం చూసి, డబ్బా మూత తీసి, పులిహోర నా చేతిలో పెట్టింది.

“ఇక్కడ పట్టలేదు కదా. తినమ్మా.”

ఇప్పటికీ నేను తెరమీద గ్రహణం విడిచాకే అన్నానికి లేస్తాను.