అంకన్న తుపాకి డ్రిల్లు

తుపాకిలో తూటా పెట్టాలన్నా, పెట్టింది తియ్యాలన్నా ఊరంతటికీ వినపడేటట్టు కేకేసి మరీ చేసే మనిషి గిద్దలూరు తాలూకా మొత్తానికీ ఒక్కడే ఉండినాడు. ఆయనే మన అంకన్న.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. మనమింకా కర్నూలు జిల్లాలోనే ఉంటిమి. అంకన్న మిలిటరీ నుంచి వచ్చి, నల్లమల అంచున చేలకు పందుల కాపలా ఉండేవాడు. పొద్దుగూకితే మంచె ఎక్కి మొదలు పెట్టేవాడు. "తుపాకి నోరు ఆకాశానికి! మీట మీద వేలు తియ్! లోపల చూడు! ఖాళీ! తూటా పెట్టు! మూత వెయ్!" ఆర్డరిచ్చేదీ ఆయనే, పాటించేదీ ఆయనే. అంతా అయినాక మనసు కుదరక తూటా బయటికి తీసి మళ్లీ మొదటికొచ్చేవాడు. ఈలోపల పందులు గుట్టెక్కేవి. తుపాకి పేలిందీ లేదు, పంది పడిందీ లేదు. అయినా ఇప్పుడు సందెవేళ అటు పోతే, ఆ కేక లేక ఎంత బోసిగా ఉంటాదో!

ఇంట్లోనూ అదే వరస. నీళ్ల చెంబు నోరు మనుషుల వైపు తిప్పడు. గొడుగు తెరిచే ముందు "వెనక్కి జరగండి!" అంటాడు. కంచం ఎత్తి చూసి "ఖాళీ!" అని అరిస్తే, పెళ్లాం రాఘవమ్మ "ఖాళీ గాక ఏముంటాది, నేను పెడితే గదా!" అని గంటె ఝళిపించేది.

ఇదంతా చూసి నవ్వనిది, ఆ మంచె కింది చేను గల నాగులు ఒక్కడే. ఆ ఏడు వానలు దగా చేసినాయి. శెనక్కాయ చేను సగం పీకించినాడు. మిగిలిన సగం విత్తనానికి. అది పందుల పాలైతే వచ్చే ఏడు చేను బీడే. పీకిన చేలో, మట్టిలో మిగిలిన కాయలు కూలోళ్లు ఏరుకోవడం ఆనవాయితీ. ఆ ఏడు నాగులు అదీ వద్దన్నాడు.

ఒక సందెవేళ తనే మంచె ఎక్కి అంకన్న పక్కన కూర్చున్నాడు. మసక చీకట్లో చేలో ఏదో కదిలింది.

"మామా, పంది! నోరు మూసుకొని కొట్టు!"

"తుపాకి నోరు ఆకాశానికి!" అని ఎత్తుకున్నాడు అంకన్న.

"నీ డ్రిల్లు పాడుగాను!" అని నాగులు పైపంచె తీసి ఆయన నోట్లో కుక్కబోయినాడు. అంకన్న దాన్ని విదిలించి పారేసి ఇంకా గట్టిగా, "లోపల చూడు!" అన్నాడు.

"చూడన్నా, చూడు! ఒడి కట్టుకొని పోతాండా!" అని చేలోనుంచి జవాబొచ్చింది.

సువార్తమ్మ గొంతు. పగలంతా నాగులు చేలోనే కాయలు పీకిన మనిషి. ఆమె వెనకాల ఇంకో ఇద్దరు ఆడోళ్లు వంగి వంగి ఉరికినారు.

నాగులు గబుక్కున తుపాకికి చెయ్యి అడ్డం పెట్టినాడు. కొట్టమన్నది తనే గదా! "రోజూ వస్తారా మామా?" అని అడిగినాడు.

"వస్తారు. నేను మూత వేసేలోపల గట్టు దాటాల. అదీ మా ఒప్పందం."

"నేను పందులను తరమడానికి అరుస్తాండావనుకుంటి!"

"ఉత్త కేకైతే పందులకు చాలదా? ఇంత వివరంగా చెప్పేందుకు వాటికి తెలుగెట్ల వస్తాది అల్లుడా!"

మర్నాటి సందెకు అంకన్న గొంతు పూర్తిగా పట్టేసింది. చేతులతో డ్రిల్లు చేస్తాడే గానీ మాట పెగలదు. నాగులు పక్కన నిలబడి, "తుపాకి నోరు ఆకాశానికి!" అని గుట్ట మారుమోగేటట్టు కేకేసినాడు.

చేలో అలికిడి ఆగిపోయింది. "అన్నా, ఈ కొత్త గొంతు ఎవరిది?" అని సువార్తమ్మ భయపడతా అడిగింది.

"చేను గలోడిదే!" అని అరిచినాడు నాగులు. "నిదానంగా ఏరుకో తల్లీ. మేమింకా లోపల చూడనే లేదు!"